మరదలి స్పానిష్

ల్యాబ్‌లో అందరూ ఆమెను పళ్లక్క అనేవారు. కట్టుడు పళ్లు చేయడం ఆమె పని. చిన్న మోటారుకు బిగించిన రాయితో పొద్దస్తమానం పళ్లు అరగదీసేది. "మా అక్క పగలు పనిలో పళ్లు నూరుతుంది, సాయంత్రం మా ఆవిడ మీద నూరుతుంది," అనేవాడు తమ్ముడు. నవ్వుతూ అన్నా నిజమే.

ఫ్లాటు పళ్లక్కది. పెళ్లయ్యాక తమ్ముడు, స్పానిష్ మాట్లాడే తన భార్యతో వచ్చి పక్క గదిలో దిగాడు. మరదలు త్వరలోనే తెలుగు నేర్చుకుంది. 'వదినా' అని నోరారా పిలిచేది. కానీ ఉల్లిపాయలు తరుగుతూ తల్లితో ఫోన్‌లో మాట్లాడేది మాత్రం స్పానిష్‌లోనే. అందులో 'కున్యాద' అన్న మాట పదేపదే వినిపించేది. దానర్థం వదిన అని పళ్లక్క కనుక్కుంది.

"నా ఇంట్లో, నా పొయ్యి దగ్గర నిలబడి, నా గురించే!"

కోపంతోనే వెళ్లి స్పానిష్ క్లాసులో చేరింది. ఏడాది తిరిగేసరికి పుస్తకం చదవగలిగింది, క్రియలన్నీ అప్పజెప్పగలిగింది. మరదలి ఫోను మాటలు మాత్రం అంతుపట్టలేదు.

"మీకు వ్యాకరణం వచ్చు, మాట రాదు," అంది టీచరు. "రోజూ మాట్లాడ్డానికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

పళ్లక్క పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

ఒక సాయంత్రం వంటగది గుమ్మం దగ్గర ఒక వాక్యం మొత్తం చెవిన పడింది: "మా వదిన నవ్వినా ఎవరి నోటికో కొలత తీస్తున్నట్టే ఉంటుంది."

పళ్లక్క లోపలికొచ్చి, "యో ఓయో తోదో!" అని అరిచింది. అంతా విన్నానని ఆమె ఉద్దేశం.

మరదలి ముఖం పాలిపోయింది. అంతలోనే తేరుకుంది. "ఓయో కాదు, ఓయీ. ఓయో అంటే వాడు విన్నాడని. దెబ్బలాడాలంటే ముందు సరిగ్గా నేర్చుకో వదినా."

అప్పటినుంచి యుద్ధం స్పానిష్‌లోనే. తెరిచిన కిటికీ, మాడిన గిన్నె, బాత్రూమ్‌లో జుట్టు, ఏదైనా చాలు. పళ్లక్క ఒక వాక్యం కూర్చుకునేలోపు మరదలు నాలుగు అనేసేది. మోటారు చప్పుడు చాటున పళ్లక్క సాయంత్రపు తిట్లు వల్లె వేసుకునేది. క్రమంగా ఎదుటిమనిషి ఊపిరి తీసుకునే సందులో దూరడం, 'ఆ బేర్', అంటే 'చూద్దాం', అని సాగదీస్తూ ఆలోచించుకోవడం పట్టుబడ్డాయి. మరదలు తప్పులు దిద్దడం మానలేదు. ఆ దిద్దుబాట్లే చెంపదెబ్బల్లా తగిలేవి.

"కాస్త తెలుగులో తిట్టుకోండి, నాకూ అర్థమవుతుంది," అని తమ్ముడు మొరపెట్టుకున్నాడు.

"నీ పని చూసుకో," అన్నారిద్దరూ, స్పానిష్‌లో.

ఒకనాడు మరదలు స్నానం చేస్తుండగా ఆమె ఫోను మోగింది. పళ్లక్క ఎత్తింది. ఇల్లు కూతురిదనీ, వదినే వచ్చి తిష్ఠ వేసిందనీ అవతల ఉన్న మరదలి తల్లి నమ్మకమని మాటల్లో బయటపడింది. ఇల్లెవరిదో, తిష్ఠెవరిదో పళ్లక్క ఎక్కడా తడుముకోకుండా కడిగి ఆరేసింది.

అంతా విని ఆ తల్లి అంది: "ఎవరు నేర్పారమ్మా నీకు? ఆ విసురు, ఆ సాగదీత... అచ్చం మా అమ్మాయే!"

పళ్లక్కకు తన నోట్లో పరాయి పళ్లు ఉన్నట్టనిపించింది.

ఆ ఫోను సంగతి తల్లి చెప్పగా తెలిసి, నెల తిరక్కుండా మరదలు మొగుణ్ణి తీసుకుని వేరే ఇంటికి వెళ్లిపోయింది. వెళ్తూ మెట్ల మీద ఆగి, "నువ్వు మాట్లాడే ప్రతి ముక్కా నాదే," అంది.

"నీదే. అందుకే అంత చేదు."

ఇప్పుడు ఆదివారాలు ఆ తల్లి పళ్లక్కకే ఫోను చేస్తోంది. ఇద్దరూ కూతురి మీద చాడీలు చెప్పుకుంటారు. ఆ సంగతి తమ్ముడి ద్వారా మరదలికి చేరేలా పళ్లక్క జాగ్రత్త పడుతుంది.