ఉస్తాద్ గుండె కండ

బోధన్‌లో మాకు కుస్తీ నేర్పిన ఉస్తాద్, ఎవరు ఎదురైనా ముందు జబ్బ నొక్కి చూసేవాడు. కండ గట్టిగా తగిలితే "షాబాష్!" మెత్తగా తగిలితే "ఇంట్ల తిండి పెడ్తలేరా?" పెళ్లిపందిట్లో పెళ్లికొడుకును కూడా వదల్లేదు.

బీపీ గోళీలు మాత్రం ఏళ్ల తరబడి ముట్టలేదు. "అవి కమ్జోర్ గాళ్లకు, బలం లేనోళ్లకు" అనేవాడు. చివరికి నాలుగడుగులకే ఆయాసం వస్తుంటే, నేనే బలవంతంగా నిజామాబాద్ తీసుకుపోయాను. పరీక్ష చేసిన డాక్టరమ్మ, "బీపీతోని గుండె కండ మందమైంది చాచా" అంది.

ఉస్తాద్ ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "ఇన్నవారా? లోపల గుండె గూడ కసరత్ చేసింది!" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "కసరతే చాచా. ఇన్నేండ్ల సంది ఎక్కువ ప్రెషర్ మీద రక్తాన్ని నెట్టి నెట్టి కండ పెంచింది. గిప్పుడు బిర్రుగైంది. కొట్టుకున్నంక వదులైతలేదు. వదులైతెనే గదా రక్తం నిండేది? నిండకుంటే ఒంటికి ఏం పంపుతది?"

కుస్తీ తాలీం మట్టిలో ఉస్తాద్ మమ్మల్ని రోజూ తిట్టిన తిట్టు అదే మరి: "బిగుసుకపోయినోడు ఓడిపోతడు, ఒళ్లు వదులు చెయ్‌రా!"

మొదటి గోళీ అక్కడే మింగాడు.

ఆఖరుసారి కలిసినప్పుడు కూడా నా జబ్బ నొక్కాడు. నేను ఊపిరి బిగబట్టి, కండ పొంగించి, షాబాష్ కోసం ఎదురుచూశాను. ఆయన చెయ్యి తియ్యకుండానే అడిగాడు:

"బిర్రుగనే ఉన్నది. మరి వదులైతదా?"