అయిదు ఫొటోలు

ఈ వారం మైక్రోస్కోపు బుకింగులు లేవని మా డిపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజి వచ్చింది. దాని కిందే, మైక్రోస్కోపు అంకుల్ ఆదివారం ఘాజియాబాద్‌లో తన ఇంట్లో నిద్రలోనే పోయారని ఉంది. ఢిల్లీ మునిర్కాలోని నా అద్దె గదిలో మంచం మీద కూర్చుని ఆ రెండు వాక్యాలనూ చాలాసేపు చూశాను.

ఆయన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడిపే టెక్నీషియన్. విజయనగరం మనిషి. ఆ గదిలో ఏసీ చలి ఎక్కువని, వచ్చే విద్యార్థుల కోసం కుర్చీకి ఒక శాలువా వేసి ఉంచేవారు.

ఎముకల్లో ఉండే కాల్షియం ఫాస్ఫేట్‌ను కంటికి ఆననంత చిన్న సూదుల్లాంటి రేణువులుగా తయారుచేయడం నా పని. కాల్షియం ద్రావణంలోకి ఫాస్ఫేట్‌ను చుక్కచుక్కగా వదలాలి. మధ్యమధ్య అమ్మోనియా వేస్తూ పీహెచ్ పడిపోకుండా చూడాలి; పడిపోతే వేరే రకం ఫాస్ఫేట్ తయారవుతుంది. పీహెచ్‌డీ మొదటి ఏడాది, కమిటీ చేసే రివ్యూకు రెండు రోజుల ముందు, నా రేణువులను ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. రివ్యూలో నెగ్గకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది.

తెర మీద సన్నని సూదులు, అన్నీ ఒకే కొలత. ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మాత్రం రేణువులు అద్దిన రాగి జాలీని పక్కకు జరిపారు. అక్కడ పెద్ద పెద్ద పలకలు. ఇంకోచోటా పలకలే. అది నాకు కావలసిన ఫాస్ఫేట్ కాదు.

"చుక్కలు పడతన్నప్పుడు ఏటి చేస్తన్నావమ్మా?"

"చదువుకుంటున్నాను అంకుల్. నవల."

"అచ్ఛా. అమ్మోనియా మర్చిపోయేంత బాగుందా?"

"ఆ మొదటి చోటు ఫొటో ఒక్కటే ఇస్తారా అంకుల్?" అన్నాను, నాకే వినిపించనంత మెల్లగా.

ఆయన అందరికీ తీసినట్టే నాలుగు వైపులా, నడుమా అయిదు ఫొటోలు తీసి సీడీలో వేశారు.

"అందమైన చోటు ప్రతి జాలీలోనూ ఒకటి దొరికేస్తాదమ్మా. మామూలు చోట ఎలాగుందో అదే నీ సరుకు. అయిదూ ఇచ్చాను. ఏది చూపిస్తావో నీ ఇష్టం. ఠీక్ హై?"

అయిదూ చూపించాను. నవల సంగతి కూడా చెప్పాను. కమిటీ మూడు నెలల గడువిచ్చి మళ్లీ చేయమంది.

రెండోసారి అయిదు చోట్లా సూదులే వచ్చాయి. ఆయన మెచ్చుకోలేదు. సీడీ నా చేతికిచ్చి, "ఇంతకీ ఆ నవల ఏటయిందో చెప్పు" అన్నారు. శాలువా కప్పుకుని కథంతా చెప్పాను. ఢిల్లీ వచ్చాక అంతసేపు నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

నిన్న కొత్త బ్యాచ్ మొదలుపెట్టాను. పుస్తకం సంచిలోనే ఉంది. ఫాస్ఫేట్ పోసిన బ్యూరెట్ గొట్టం కొన దగ్గర ఒక చుక్క నిండుగా ఉబ్బి, పడకుండా చాలాసేపు నిలిచింది.