గవదబిళ్ళలు ఎరగని మబ్బు

లిఫ్టులు బాగుచేసే అతణ్ణి అందరూ మబ్బు అనేవారు. రెండంతస్తుల మధ్య చీకటి గూట్లో నిలబడి, చేతిలో పానా ఉన్న సంగతే మరిచి ఎటో వెళ్ళిపోయేవాడు. మా ఆయన మేడలెక్కడు, మేడలే ఆయన దగ్గరికి దిగుతాయని భార్య ఎగతాళి.

పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. లోపం మబ్బులో ఉందన్నారు డాక్టర్లు, ఎందుకో చెప్పలేకపోయారు. తల్లికి మాత్రం తెలుసు. మీసాలొచ్చే వయసులో కొడుక్కి గవదబిళ్ళలొస్తే, ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంట్లోనే పట్టు వేసింది. ఆ జ్వరమే కొడుక్కి పిల్లలు పుట్టకుండా చేసిందని, ఆ పాపం తనదేనని కుమిలిపోయేది. కోడలి మొహంలోకి సూటిగా చూసేది కాదు.

అందుకే ఇలాంటి లోపాలకి కారణం వెతికే పరిశోధనశాల వాళ్ళు అడగ్గానే మబ్బు రక్తమిచ్చాడు. కొన్ని నెలలకి రమ్మన్నారు. అక్కడి అమ్మాయి ఒక గిన్నె చూపించింది. అతని రక్తకణాలకే వయసు మరిపించి, తల్లికడుపులో తొలినాళ్ళకి తీసుకెళ్ళారట. ఏమైనా కాగల మూలకణాలట.

సూక్ష్మదర్శినిలోకి వంగాడు. గులాబీ నీళ్ళలో పొగమంచు. అదే తను, ఇంకా ఎవరూ కానప్పటి తను. పక్క గిన్నెలో అదే మంచు గుండె ముక్కై మెల్లగా కొట్టుకుంటోంది. చొక్కా లోపలి గుండె మాత్రం హడావిడి పడుతోంది.

"గుండె కమ్మంటే అయ్యాయన్నా. బీజకణాలు కమ్మంటే సగంలో ఆగిపోతున్నాయి. ఒక జన్యువులో తప్పుంది. అది సరిదిద్దిన కణాలు ముందుకెళ్ళాయి."

"లిఫ్టు అంతస్తుల మధ్య ఇరుక్కుందన్నమాట. మరి వీటికి గవదబిళ్ళలు తగిలాయా?"

"ఇంకా పుట్టనివాటికి గవదబిళ్ళలేంటన్నా!"

దీనివల్ల పిల్లలు పుడతారనుకోవద్దని, కారణం తెలుసుకోవడానికేనని కూడా చెప్పింది. మబ్బు తలూపాడు. అతనికి కావలసింది దొరికింది.

ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుని అంతా చెప్పాడు.

"జ్వరం రాకపోయినా ఆగిందా?"

"ఆగిందమ్మా. పుట్టుకతోనే ఉంది."

"అయితే నా కడుపులోంచే వచ్చిందిగా."

"నీది సగమే. ఇద్దరి దగ్గర్నుంచీ వస్తేనే ఇలా అవుతుందట. సగం నాన్నది."

తండ్రి పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఆమె ఆయన్ని అపరాధిని చూసినట్టు చూసింది. ఎన్నాళ్ళకో పెదవి చివర నవ్వు మెదిలింది. కోడల్ని పిలిచి, కళ్ళలోకి చూస్తూ పక్కన చోటిచ్చి, భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, ఇందులో మీకూ వాటా ఉందట."

ఆయన నిద్రలోనే సరేనన్నాడు.