మగ్గాలు ఆగిన అరగంట

ఆ రోజుల్లో ఆదోనిలో కెమెరా ఉన్న ప్రతి కుర్రాడూ డైరెక్టరే, కెమెరా లేని ప్రతి కుర్రాడూ రచయితే. నాకు కెమెరా లేదు. పత్తి జిన్నింగు మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా చేరి ఏడాది కూడా కాలేదు. లారీకీ లారీకీ మధ్య దొరికే ఖాళీలో తూకం చీటీల వెనకాల ప్రేమ డైలాగులు రాసుకునేవాణ్ణి. (ఒకసారి అలాంటి చీటీ ఒకటి పొరపాటున కౌతాళం రైతు చేతికి పోయింది. ఆయన సాయంత్రం వెతుక్కుంటూ వచ్చి, "తూకం సరిగ్గానే ఉండాదప్పా, ఈడ ఎనకపక్క ‘నీ కళ్ళలో మునిగిపోయాను’ అని రాసినావు, అది యా లెక్క?" అని అడిగాడు. సంచి తరుగులోకి వస్తుందని చెప్పి పంపించాను.) మేము తీసింది ఇరవై నిమిషాల సినిమా. దాని పేరు ఇక్కడ చెప్పను. చెబితే మీరు నెట్లో వెతికి చూస్తారు, ఆ తర్వాత నా మాట మీద మీకు గౌరవం ఉండదు.

మా డైరెక్టరు నా చిన్నప్పటి స్నేహితుడు, పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలో పని చేసేవాడు. ఆ అలవాటు వాణ్ణి ఎక్కడికి పోయినా వదల్లేదు. హీరో ఏడుస్తుంటే కూడా కెమెరాను మెల్లగా తిప్పి, చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో అందరి మొహాలూ చూపించి గానీ మళ్ళీ హీరో దగ్గరికి వచ్చేవాడు కాదు. "బంధువులు కదప్పా, సూపియ్యకుంటే బాధపడతారు" అనేవాడు. హీరో అంటే పొడుగోడు, మా ఇద్దరి స్నేహితుడే. వాడిలో నటుడికి కావలసిన గుణం ఒక్కటే ఉంది, ఎత్తు. కథ నాది. ఇద్దరు ప్రాణ స్నేహితులు, ఒక అమ్మాయి. ఒకడు ప్రేమను చెబుతాడు, రెండోవాడు త్యాగం చేసి ఆదోని స్టేషన్లో రైలెక్కుతాడు. ఆ రెండోవాడి వేషం ఎవరు వేశారో అడక్కండి. రైలెక్కే ముక్క తీయకుండానే సినిమా అయిపోయింది, కాబట్టి నేను ఇంకా ఆదోనిలోనే ఉన్నాను.

హీరోయిన్ దొరకడమే గగనమైంది. అడిగిన ఆడపిల్లలందరూ మమ్మల్ని అన్నా అని పిలిచి మరీ కాదన్నారు. చివరికి డైరెక్టరు వాళ్ళ చిన్నమ్మ కూతురే ఒప్పుకుంది. డిగ్రీ అయిపోయి, బళ్ళారిలో ఉద్యోగం వచ్చి, చేరడానికి మూడు వారాలు ఉన్న పిల్ల. వాళ్ళమ్మ మాత్రం షరతులు పెట్టింది. షూటింగు ఎమ్మిగనూరులో అవ్వ ఇంట్లోనే జరగాలి, అవ్వ ఎదురుగా కూర్చోవాలి, హీరో గజం దూరం దాటి దగ్గరికి రాకూడదు. అవ్వ అంటే డైరెక్టరుకూ ఆ అమ్మాయికీ అమ్మమ్మ, నేతవీధిలో ఎనభై ఏళ్ళ పెద్ద తలకాయ. చీర నేసి బతికిన మనిషికి గజం అంటే మాటా! ప్రతి షాటుకూ ముందు లేచి వచ్చి, ముక్కు దగ్గర్నుంచి వేలి కొస దాకా చెయ్యి చాపి దూరం కొలిచి, "ఇంగో బెత్తెడు ఎనక్కి జరుగు నాయనా" అని పొడుగోణ్ణి జరిపేది. మా సినిమాలో హీరో హీరోయిన్లు ఏదో బాకీ గురించి మాట్లాడుకుంటున్నట్టు దూరదూరంగా ఉండేది అందుకే.

అసలు సంగతి దాచి లాభం లేదు. ఆ అమ్మాయిని నేను ప్రేమించాను. ఇప్పుడు ఇంత సులువుగా రాసేస్తున్నాను గానీ అప్పుడు ఆమె ఎదురైతే నా నోట్లోంచి తూకం అంకెలు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. స్నేహితుడి చెల్లెలు, మగ్గం ఉన్న ఇంటి పిల్ల; నేనేమో పత్తి తీసే కూలీ కొడుకుని. పొడుగోణ్ణి అన్నా అనేది, నన్ను మాత్రం "ఓ రైటరూ" అనేది. నాకది వెటకారంగా వినిపించేది. డైలాగు చదివి, "ఎవురన్నా ఇట్ల మాట్లాడతారా రైటరూ? మనూర్లో పిల్లోడు ‘నీవు లేక నేను లేను’ అంటే జొరమొచ్చిందనుకుంటారు" అని కొట్టేసేది. చివరికి నా మనసులోది ఉన్నదున్నట్టు ఒకే ఒక్క మాటగా రాశాను. "నువ్వు మాట్లాడకపోతే నాకు పొద్దు గడవదు, నువ్వు మాట్లాడితే నాకు మాట రాదు." దాన్ని ఆమె కొట్టేయలేదు. కాగితం మడిచి ఇచ్చేసింది, అంతే. ఆ మాట ఆమె చెవిన పడాలన్నదే ఆ సినిమాలో నాకున్న స్వార్థం. చెప్పేది పొడుగోడు, వినేది ఆమె, బూజుకర్రకు మైకు కట్టి వాళ్ళిద్దరి మీదా పట్టుకునేది నేను. నా ప్రేమను ఇంకొకడి చేత చెప్పిస్తూ మైకు నేనే పట్టుకున్నానంటే, నా ధైర్యం ఎంతటిదో మీరే చూసుకోండి.

ఆ సీను ఆఖరి ఆదివారానికి మిగిలింది. సోమవారం ఆమె బళ్ళారి బండి ఎక్కాలి. వచ్చిన చిక్కల్లా చప్పుడుతోనే. ఆ వీధిలో ప్రతి ఇంట్లో మగ్గం, పొద్దున్నుంచీ టకటకా టకటకా. అవ్వ మనవడి బాధ చూడలేక, కట్టె పుచ్చుకుని వీధి పొడుగునా తిరిగి, "పిల్లోల్ల సినిమా అంటప్పా, ఒగ అరగంట ఆపండి" అని ఇల్లిల్లూ చెప్పి వచ్చింది. ఆమె మాట కాదనేవాళ్ళు లేరు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం నేను వినలేదు. అవ్వ గోడకు ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. డైరెక్టరు వేలు చూపించి, "అవ్వా, నేను కట్ అనేదాంక మాట్లాడొద్దు, కదలొద్దు, ఊపిరి గూడ మెల్లగ ఇడువు" అన్నాడు. అవ్వ తలూపి, కళ్ళు తెరుచుకుని బొమ్మలా ఉండిపోయింది.

మొదటి టేకులో పొడుగోడు నవ్వాడు. రెండో టేకులో గంభీరంగా, "నువ్వు మాట్లాడితే నాకు పొద్దు గడవదు" అన్నాడు. "అట్లయితే పోతాలే" అని ఆమె లేచింది. మళ్ళీ కూర్చోబెట్టాం. మూడో టేకులో వాడు మొహం సరిగ్గా పెట్టాడు, గొంతు సరిచేసుకున్నాడు, "నువ్వు మాట్లాడకపోతే" అన్నాడు. సరిగ్గా అప్పుడు వీధి వాకిట్లో గుండెలు బాదుకుంటూ ఒక ఏడుపు లేచింది.

మాకు తెలియనిదీ, వీధి మొత్తానికీ తెలిసినా మాకు చెప్పాలని ఎవరికీ తోచనిదీ ఒకటుంది. ఆ నేతవీధుల్లో మగ్గాలన్నీ ఒకేసారి ఆగేది ఒక్కదానికే, వీధిలో ఎవరైనా పోయినప్పుడు. అవ్వ వీధివాళ్ళకు సినిమా సంగతి తెలుసు. వెనక సందువాళ్ళకు తెలియదు. వాళ్ళకు వినిపించింది నిశ్శబ్దం మాత్రమే. అంతకు ముందు వారమంతా అవ్వకు జ్వరం, వయసేమో ఎనభై, ఇంకెవరని అనుకుంటారు? పైగా పోయినవాళ్ళను గోడకు ఆనించి కూర్చోబెట్టడం వాళ్ళ ఇళ్ళల్లో ఆచారం. లోపలికి దూసుకొచ్చిన ముసలామెకు గోడకు ఆనుకుని, నోరు కట్టుకుని, కళ్ళు తెరిచి, ఉలుకూ పలుకూ లేని అవ్వ కనిపించింది.

వచ్చింది వెనక సందు అవ్వ. ఈ అవ్వా, ఆ అవ్వా ఒకే ఊరి ఆడపడుచులు, ఒకే ఏడు ఎమ్మిగనూరికి కోడళ్ళుగా వచ్చారు. మా అవ్వ దగ్గర ఆమె అరువు తీసుకుపోయిన ఇత్తడి బిందె సొట్టతో తిరిగొచ్చిందని పదకొండేళ్ళుగా మాటల్లేవు. కొళాయి దగ్గరికి ఒకరు వెళితే ఇంకొకరు బిందె వెనక్కి తిప్పుకుని పోయేవారు. అలాంటి మనిషి వచ్చి అవ్వ ఒళ్ళో పడి, "యాడికి పోతివే నన్నిడిసిపెట్టి! ఒగ మాటన్నా మాట్లాడకుండానే పోతివి గదే! ఆ బిందె సొట్ట నేనే సేసినానే, నా సేతుల్తో నేనే జారిడిస్తి, ఒప్పుకోడానికి నోరు రాలేదే" అని ఏడ్చింది. అవ్వ కదల్లేదు. డైరెక్టరు కట్ అనలేదు కదా! వాడేమో నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అవ్వ కళ్ళలోంచి నీళ్ళు కారి చెంపల మీదికి వచ్చాయి గానీ పెదవి విప్పలేదు. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి. చివరికి పళ్ళ బిగువునే, "కట్ అని సెప్పురా నాయనా, ఇంగ నా వల్ల గాదు" అంది.

ఒళ్ళో ఉన్న ముసలామె కెవ్వున లేచి దూరంగా పడింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపు, మధ్య మధ్యలో తిట్టుకున్న తిట్లు రాయడానికి నాకు చేతకాదు. "నేను సస్తేగాని రావా నువ్వు?" అని ఈమె, "బతికుండి ఈ యేషమేందే నీకు?" అని ఆమె. ఈలోగా వెనక సందులోంచి మనుషులు రావడం మొదలైంది. ఒకాయన వెదురు బొంగులు ఎక్కడ దొరుకుతాయో ఫోన్లో కనుక్కుంటూనే వచ్చాడు. ఇంకొకాయన పూలదండ తెచ్చాడు. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత సన్న దండనా నాకు?" అని నిలదీసింది. ఆయన తల దించుకున్నాడు. పొడుగోడు మాత్రం డైలాగు మిగిలి ఉందేమోనని గజం దూరంలో అలాగే నిలబడి ఉన్నాడు. ఆ ఏడుపంతా మైకులో పడింది. సినిమాలో పెట్టుకుంటామని డైరెక్టరు బతిమాలితే, "మా ఏడుపు మాది, నీ సినిమాకు నువ్వు ఏడ్సుకో" అని ఇద్దరు అవ్వలూ ఒక్క గొంతుతో చెప్పారు.

ఇక మళ్ళీ మగ్గాలు ఆపమని అడిగే మొహం మాకు లేదు. అడిగినా, "దినానికి ఒగ సావు సాలప్పా" అనేశారు. టకటకల మధ్యే సీను తీశాం. పొడుగోడు జన్మలో మొదటిసారి, చివరిసారి కూడా, తప్పులేకుండా చెప్పాడు. రికార్డు పెట్టి వింటే మగ్గం తప్ప మనిషి లేడు. నా మాట నా మైకుకే వినపడలేదు. ఆమె చెవిన పడిందో లేదో ఆమె మొహం చూసి తెలుసుకుందామంటే, నేను మైకు వైపు చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం అందరం ఆదోని బస్సెక్కాం. ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో, డైరెక్టరూ పొడుగోడూ ఆఖర్న నిద్రలో. గంట దారి. ఇదే ఆఖరి గంట అని నాకు తెలుసు. "మాట్లాడకుండానే పోతివి గదే" అన్న ఏడుపు చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఊరు దాటాక చెబుదాం అనుకున్నాను. ఊరు దాటింది. పత్తి చేలు అయిపోయాక చెబుదాం అనుకున్నాను. మా వైపు పత్తి చేలు ఎక్కడ అయిపోతాయండీ! ఆదోని దీపాలు కనబడ్డాక గుండె చిక్కబట్టుకుని ముందుకు వంగాను. ఆమె వెనక్కి తిరిగింది. "టికెట్టు తీసుకున్నారా?" అన్నాను. నా వైపు కాసేపు చూసి, "తీసుకున్యా" అంది. బస్టాండులో దిగి, "పోయొస్తా రైటరూ" అని వెళ్ళిపోయింది.

సినిమాను నెట్లో పెట్టాం. చూసిన కొద్దిమందిలో ఎక్కువమంది మిషను ఆపమని కామెంటు పెట్టారు. ఆమెకు రెండేళ్ళ తర్వాత బళ్ళారిలోనే పెళ్ళయింది; వెళ్ళి, రెండుసార్లు పాయసం వేయించుకుని వచ్చాను. నాకూ పెళ్ళయింది. మొన్నామధ్య డైరెక్టరు ఆదోనిలోనే కొత్తింట్లో చేరితే భోజనాల పంక్తిలో ఆమె నా పక్కనే వచ్చి కూర్చుంది. పిల్లలు, ఆయన అటువైపు. ఆకులో ఉప్పు సర్దుకుంటూ మెల్లగా అంది: "ఆ సీన్లో మాటలు ఇనపడల్యాదని మా అన్న ఇప్పుటికీ ఏడుస్తాడు. నాకు బాగనే ఇనపడె రైటరూ. అవి ఎవురి మాటలో గూడ తెలిసె. బస్సులో ఆదోని దాంక ఎదురు సూస్తి." నాలుగు పదులు దగ్గర పడుతున్న మనిషిని, ఏదో ఒకటి అనాలి కదా. ఈలోపు వడ్డించేవాడు వచ్చి సాంబారా రసమా అన్నాడు. రెండూ అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు, బాధా లేదు. ఎప్పుడో చూసిన సినిమాలో మంచి ముక్క గుర్తొచ్చినట్టు నవ్వి, పిల్లాడికి అన్నం కలపడానికి అటు తిరిగింది.

చేతులు కడుక్కునే చోట మా ఆవిడ, "ఏమట్ల ఒగడే నవ్వుకుంటాండావు?" అంది. ఏమీ లేదు అనబోయి, ఆగి, అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, "థూ, టికెట్టా అడిగేది!" అంది. ఇద్దరం నవ్వుతూనే బస్టాండు దాకా నడిచాం. బస్సు దిగి చేతిలో బూజుకర్రతో, ఎటు పోవాలో తెలియక అక్కడ నిలబడిపోయిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లవాడు ఇప్పుడు కనబడితే, తిట్టకుండా, పక్కన కూర్చోబెట్టుకుని ఒక టీ తాగించాలనిపించింది.