ఐసు ఫ్యాక్టరీ వారి రెండు టర్బోలు

2005 వేసవిలో నన్ను తెనాలిలోని ఒక కార్ల సర్వీస్ సెంటర్‌కి ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా వేశారు. మెకానిక్‌కి పైన, వర్క్స్ మేనేజర్‌కి కింద ఉండే పదవి అది. పని చేసేది మెకానిక్, పేరు వచ్చేది మేనేజర్‌కి, సంతకాలు పెట్టి చివాట్లు తినేది సూపర్‌వైజర్. కొత్త పదవి కదా, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని మహా దర్జాగా తిరిగేవాణ్ణి.

నిజాంపట్నంలో పడవలకి ఐసు సరఫరా చేసే ఫ్యాక్టరీ యజమాని కరీముల్లా గారు ఆ ఏడాదే టర్బో పెట్రోలు కారు కొన్నారు. మా సెంటర్‌కి వచ్చే బళ్లలో అలాంటిది అదొక్కటే. ఇంజన్ వదిలే పొగ విసురుకి తిరిగే చిన్న చక్రమే టర్బో. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రం ఇంజన్‌లోకి గాలిని బలవంతాన తోస్తుంది. కళ్లు తిరిగే వేగంతో తిరిగే ఆ ఇరుసుకి ఆధారం పల్చటి ఆయిల్ పొర. ఇవన్నీ కంపెనీ ట్రైనింగ్‌లో వివరంగా చెప్పారట. నేను భోజనం తర్వాతి క్లాసులో నిద్రపోయాను.

ఆరు నెలలకే ఆ కారు నీలం పొగ వదులుతూ, ఈల వేసుకుంటూ వచ్చింది. గాలి గొట్టం విప్పి ఇరుసుని వేలితో కదిపితే ఊడే పన్నులా ఊగింది. టర్బో మార్చాం. ఇక జాబ్ కార్డులో 'కారణం' అనే గడి నింపాలి. కారణం తెలియనప్పుడు మా వృత్తిలో ఒక ఆచారం ఉండేది. 'డ్రైవరు సరిగ్గా నడపకపోవడం' అని రాసేసేవాళ్లం. డ్రైవర్లు జాబ్ కార్డు చదవరు, కంపెనీ ఎదురు ప్రశ్న వేయదు. నేనూ అదే రాశాను, చక్కని దస్తూరీతో.

మళ్లీ పాడవకుండా సింథటిక్ ఆయిల్ పోశాం, పెద్ద ఆయిల్ కూలర్ బిగించాం, టర్బో తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా పెద్దది వేశాం. ఇక ఈ ఇంజన్‌కి ఢోకా లేదని కరీముల్లా గారికి హామీ ఇచ్చాను.

నాలుగు నెలలకి రెండో టర్బో కూడా అదే ఈల పాడుకుంటూ వచ్చింది. ఈసారి కరీముల్లా గారి చేతిలో నా పాత జాబ్ కార్డు ఉంది.

"మీరే రాశారుగా, తప్పు వీడిదని. పదకొండేళ్లుగా ఉన్నాడని ఊరుకున్నానండి. ఇవాళ్టితో మానిపించేస్తాను" అన్నారు.

'వీడు' అంటే డ్రైవర్ ఏసురత్నం. వర్క్‌షాప్ నేల మీద గీసిన పసుపు గీత అవతల నిలబడి ఉన్నాడు. డ్రైవర్లు ఆ గీత దాటకూడదన్నది మా రూలు. అతని మొహం చూసి సిగ్గేసింది. నిజం చెప్పాలంటే, అంతకంటే ముందు భయమేసింది. రోడ్ టెస్టు అయ్యేదాకా ఆగమని యజమానిని బతిమాలాను.

టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపుని ఈసారి నిలువునా కోసి చూశాను. లోపలంతా నల్లగా మాడి పేరుకుపోయింది. ఆయిల్ ఎక్కడో ఉడుకుతోంది. ఎప్పుడు ఉడుకుతోందన్నది మాత్రం అంతు చిక్కలేదు. మూడో టర్బో బిగించి, ఏసురత్నం పక్కన నేను, వెనక కరీముల్లా గారు కూర్చుని రేపల్లె రోడ్డు పట్టాం.

దూరాన రైలు గేటు గంట మోగింది. గంట వినపడితే, గేటు పడేలోపే దాటేయాలని మా వైపు అందరికీ కాళ్లు జివ్వుమంటాయి.

"తొక్కరా, తొక్కు!" అన్నారు వెనక నుంచి.

ఏసురత్నం తొక్కాడు. ఇంజన్ అరిచింది. సరిగ్గా మా ముందు గేటు పడింది.

"ఆపెయ్ ఇంజన్, పెట్రోలు దండగ!" అన్నారు కరీముల్లా గారు అదే ఊపిరిలో.

ఏసురత్నం తాళం తిప్పి నా వైపు చూశాడు. పక్కన లారీ, ఆటోలు కూడా ఆపేశాయి. గేటు దగ్గర ఇంజన్ ఆడించేవాణ్ణి మా వైపు ఒళ్లు పొగరు మనిషికింద లెక్కగడతారు.

నేను కంగారుగా మళ్లీ స్టార్ట్ చేయమన్నాను. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుందనీ, పొయ్యి ఆర్పినా పెనం మీది నూనె మాడినట్టు, కాలిపోతున్న టర్బోలో నిలిచిన ఆయిల్ మాడిపోతుందనీ కరీముల్లా గారికి చెప్పాను. రైలు వెళ్లాక ఆయన ముందు సీటు మీదికి వంగారు.

"అంటే రెండూ నేనే చంపానంటారా?"

"అవునండి."

"మరి కాగితంలో వీడి మీద ఎందుకు రాశారండి?"

"తెలియక రాశానండి."

అప్పుడు ఏసురత్నం నోరు విప్పాడు. "గేటు దగ్గర ఆపినప్పుడల్లా మాడు వాసన వస్తదండి. చెబుదామంటే మీరు ఆ గీత దాటనివ్వరు కదండీ, సార్."

తాళం తీసినా రెండు నిమిషాలు ఇంజన్ నడిపే టర్బో టైమర్ బిగించాం. గేటు దగ్గర తాళం చేత్తో ఊపుతూ, నడుస్తున్న ఇంజన్‌ని నలుగురికీ చూపించడం కరీముల్లా గారికి కొత్త సరదా అయింది. మూడో టర్బో మళ్లీ మా దగ్గరికి రాలేదు.

పాత జాబ్ కార్డులో కారణం కొట్టేసి, రెండు కార్డుల్లోనూ సరైనది రాసి సంతకం చేశాను. మేనేజర్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఏసురత్నం ఉద్యోగం నిలిచింది. ఆపైన రిటైరయ్యేదాకా కారణం తెలియని ప్రతిసారీ 'తెలియలేదు' అనే రాశాను. దానివల్ల నా ప్రమోషన్ ఆలస్యమైంది. నేను ఊహించి రాసిన మూడు మాటలకి ఒక మనిషి పదకొండేళ్ల కొలువు పోబోయింది. ప్రమోషన్ అంతకన్నా చవక.