కొట్టని తాబేలు

ఈ గ్రూపులో ఎప్పుడూ ఏమీ రాయని నేను ఈ రోజు రాస్తున్నానంటే కారణం మా అమ్మాయే. మాదాపూర్ హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆదివారాలు నాతో ఫోన్లో మాట్లాడుతూ ఫోన్లోనే వింతజంతువులు కొట్టుకునే పోటీ ఆట ఆడుతుంది. ఒక్కో జంతువుకు నాలుగే విద్యలు, ఒక్కోటి కొన్నిసార్లే వాడొచ్చు, అన్నీ అయిపోతే ఓటమే. నా తాబేలుకు కాచుకోవడం, గాయం మాన్పుకోవడం లాంటివే ఇచ్చాను, కొట్టేది ఒక్కటీ లేదు.

"గిదేం ఆటనే అమ్మా? గంటైంది, కొడ్తలేవు, చస్తలేవు!"

"కొట్టుడు నాకు రాదు బిడ్డా. నువ్వు కొట్టు."

కొట్టీ కొట్టీ దెబ్బలన్నీ అయిపోయి తను ఎంచుకున్న పులే ఓడింది. "మస్తు తెలివే నీకు!" అని నవ్వింది.

ఈ ఆటలో పడి దీపం పెట్టే వేళ దాటింది, స్వామి క్షమిస్తాడు. మా ఇల్లున్న ఫిల్మ్‌నగర్‌కు మాదాపూర్ ఎంత దూరం? అయినా తను ఇంటికొచ్చి మూడు నెలలు. మీ పిల్లలతో మీరేం ఆడుతారో చెప్పండి. ఇది మాత్రం తనకు చూపించకండి. నేను గెలవాలని ఆడలేదు, ఆట అయిపోతే ఫోన్ పెట్టేస్తుందని.