చిట్టమ్మ విప్పిన ట్రాన్స్‌ఫార్మర్

పోలిరాజు మొదట్లో ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల డైనమోలు బాగుచేసేవాడు. ఇళ్లలోకి ఇన్వర్టర్లు రావడం మొదలయ్యాక, కాలిపోయినవాటిని కొని తెచ్చి మళ్లీ కట్టడం నేర్చుకున్నాడు. కంచరపాలెంలో అద్దెకున్న ఇంటి ముందు గదినే షాపు చేసుకున్నాడు. అతని భార్య చిట్టమ్మ సముద్రపు ఒడ్డున పుట్టి, వలలు అల్లుతూ పెరిగిన మనిషి. ఒడ్డు వదిలి రైలు పట్టాల పక్కకి వచ్చినందుకు ఆమె ఏనాడూ బాధపడలేదు. ఆమెకి మనశ్శాంతి లేకుండా పోయింది సూర్యకళ వల్ల.

ఇన్వర్టర్‌లో బరువంతా ట్రాన్స్‌ఫార్మర్‌దే. ఇనప రేకుల మధ్య రాగి తీగ పొరలు పొరలుగా చుట్టి ఉంటుంది. అది కాలితే పాత తీగ లాగేసి కొత్తది చుట్టాలి. పోలిరాజుకి మిగతా పనంతా వచ్చు గానీ, గంటల తరబడి కూర్చుని తీగ చుట్టే ఓపిక లేదు. ఆ పని సూర్యకళకి అప్పజెప్పేవాడు. ఆమెది రాజోలు వైపు. భర్తకి స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని దొరికితే అతనితో వచ్చి గాజువాకలో కాపురం పెట్టింది. పెళ్లికి ముందే మోటార్లు చుట్టే షాపులో పని నేర్చుకుంది. పని ఉన్నరోజు బస్సులో వచ్చి, ముందు గదిలో స్టూలు మీద కూర్చుని, చేతి మెషీను తిప్పుతూ తీగ చుట్టి, సాయంత్రం వెళ్లిపోయేది. పోలిరాజుని అన్నయ్య గారూ అనీ, చిట్టమ్మని వదిన గారూ అనీ పిలిచేది.

ఆమె వచ్చిన రోజు చిట్టమ్మ ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చేది. అడగకుండానే టీ తెచ్చి పెట్టి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నిలబడేది. సూర్యకళ ఏ చీర కట్టుకుందో, జడలో పువ్వులున్నాయో లేవో చూసేది. తప్పు పట్టడానికి ఏమీ కనిపించేది కాదు. చెప్పాలంటే పోలిరాజు కూడా ఆ మనిషి వైపు చూసేవాడే కాదు. అతను చూసేది ఆమె చుట్టిన చుట్టలనే. ఎంత మంచి కూర వండినా నోరు తెరిచి ఒక మాట అననివాడు, ఆ రాగి చుట్టని వెలుతురులో పట్టుకుని, "సూడవే, ఇస్త్రీ సేసిన సీరలాగ లేదూ?" అనేవాడు. ఆ మాట చిట్టమ్మ గుండెల్లో గుచ్చుకునేది.

ఒకరోజు సూర్యకళ బస్సెక్కగానే చిట్టమ్మ భర్తని నిలదీసింది.

"అన్నయ్యా అని పిలిసీసినంత మాత్రాన అన్నయ్యవైపోతావేటి?"

పోలిరాజుకి అర్థం కాలేదు. ఎందుకలా అంటున్నావని అడిగాడు.

"రేపట్నుంచి ఆవిడ్ని రావొద్దను. నానే సుడతాను."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. మర్నాటి నుంచే ఆ స్టూలు మీద కూర్చుంది. వలలు అల్లిన వేళ్లు కాబట్టి పని తొందరగానే పట్టుబడింది. చిన్న చిన్న ఇన్వర్టర్లు బాగానే పనిచేశాయి. ఇక్కడ పని లేదనగానే సూర్యకళ ఆటోనగర్‌లో ఒక వైండింగ్ షాపులో చేరింది. ఏడాది తిరక్కుండా ఆమె కింద ఇద్దరు మనుషులు పనిచేస్తున్నారని తెలిసింది. ఆ కబురు చెప్పింది పోలిరాజే, సంతోషంగా. చిట్టమ్మకి ఆ పూట అన్నం సయించలేదు. మనిషి ఇంట్లోంచి వెళ్లిపోయింది గానీ మంట పోలేదు. ఇన్వర్టర్ పట్టుకెళ్లడానికి వచ్చినవాళ్లు, ఇది ఆవిడ చుట్టిందేనా అని అడిగినప్పుడల్లా అది ఎక్కువయ్యేది.

రెండువేల మూడు వానాకాలంలో ఆనందపురం అవతల నుంచి శ్రీరామ్మూర్తి అనే రైతు ఒక ఇన్వర్టర్ తెచ్చాడు. జీడితోటలో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడికి కరెంటు స్తంభాలు రాలేదు. కప్పు మీద సోలార్ పలకలు పెట్టించి, వాటితో బ్యాటరీలు నింపుకుని, ఇంట్లో లైట్లూ ఫ్యానూ టీవీ నడుపుకునేవాడు. పిడుగు పడి ఇన్వర్టర్ కాలిపోయింది. పోలిరాజు లోపలి బోర్డు కొత్తగా కట్టాడు, చిట్టమ్మ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టింది. వారం తిరక్కుండా అది వెనక్కి వచ్చింది. ట్రాన్సిస్టర్లు రెండు వరసల్లో ఉంటే, ఒక వరసే మాడిపోయింది. మార్చి పంపారు. మళ్లీ ఆ వరసే మాడింది.

"దీన్ని ఆటోనగర్ అట్టుకెల్లి ఆవిడ సేత సుట్టించీద్దుమా?" అన్నాడు పోలిరాజు. మెల్లగానే అన్నాడు.

మర్నాడు అతను ట్రాన్సిస్టర్లు కొనడానికి వెళ్లగానే, చిట్టమ్మ తమ ఇంట్లో నడుస్తున్న ఇన్వర్టర్‌ని కిందికి దించింది. దాని ట్రాన్స్‌ఫార్మర్ సూర్యకళ చుట్టింది. ఐదేళ్లుగా ఒక్క రిపేరు రాలేదు. రేకులు ఊడదీసి, పైన చుట్టిన టేపు విప్పింది. పై పొరలో బ్యాటరీ వైపు లావు తీగలు. అవి రెండు భాగాలు, ఒక్కో ట్రాన్సిస్టర్ల వరసకి ఒకటి. చిట్టమ్మ ఒక భాగం చుట్టి, దాని మీద రెండోది చుట్టేది. పైదాని చుట్టుకొలత పెరిగి, తీగ పొడుగైపోయేది. సూర్యకళ రెండు తీగలనీ పక్కపక్కన పెట్టి ఒకేసారి చుట్టింది. రెండూ ఒకే పొడుగు. భారం రెండు వరసల మీదా సమానంగా పడుతుంది. తన చేతిలో ఒక వరసే ఎందుకు మాడిపోతోందో చిట్టమ్మకి తెలిసిపోయింది.

కావలసింది దొరికింది. అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. లోపలి సన్న తీగ కూడా లాగడం మొదలుపెట్టింది. ఎక్కడో ఒకచోట ఒక తీగ ఇంకోదాని మీదికి ఎక్కే ఉంటుంది, పొరల మధ్య పెట్టిన కాగితం ఒకచోటైనా చిరిగే ఉంటుంది, అది కంటబడాలి. పొర తరవాత పొర ఊడదీసింది. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫ్యాను ఆగిపోయింది, చెమటలు కారుతున్నా లేవలేదు. చివరికి ఉత్త డొల్ల మిగిలింది. ఒక్క తప్పూ దొరకలేదు.

పోలిరాజు వచ్చేసరికి గదంతా రాగి తీగ.

"ఏటి సేత్తన్నావే?"

"సూత్తన్నాను," అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతను తిట్టలేదు. మంచినీళ్లు తాగి, తీగలో కాలు పడకుండా దాటుకుంటూ లోపలికి వెళ్లాడు.

ఆమె శ్రీరామ్మూర్తిది మళ్లీ చుట్టింది, రెండు తీగలూ కలిపి. తరవాత తమదీ చుట్టింది. పోలిరాజు జీడితోటకి వెళ్లి బిగించాడు, ఆమె కూడా వెళ్లింది. లైట్లూ ఫ్యానూ టీవీ అన్నీ వేసి సాయంత్రం దాకా నడిపారు. పోలిరాజు ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. వేడి లేదు, రొద లేదు.

"అచ్చం ఆవిడ సుట్టినట్టే ఉందే," అన్నాడు మురిసిపోతూ.

తిరుగు బస్సులో చిట్టమ్మ అతని పక్క సీటు వదిలి, ముందు ఆడవాళ్లలో కూర్చుంది.

ఆ ఇన్వర్టర్ తరవాత షాపుకి సోలార్ పనులు పెరిగాయి. చిట్టమ్మ చుట్టినవి వెనక్కి రావడం మానేశాయి. మూడేళ్ల తరవాత సూర్యకళ భర్తకి కాకినాడలో పని దొరికింది. వెళ్లేముందు ఆమె ఒకసారి చెప్పిపోదామని వచ్చింది. బల్ల మీదున్న చుట్టని చేతిలోకి తీసుకుని, గోటితో అంచు గీరి చూసి, "రెండు తీగలూ కలిపి చుడుతున్నారన్న మాట వదిన గారూ. ఎవరు చెప్పారండీ?" అంది.

"నువ్వు సుట్టింది ఇప్పి సూసినాను," అంది చిట్టమ్మ, తల ఎత్తకుండా.

సూర్యకళ నవ్వేసింది. "నేనూ అంతేనండి. మా మేస్త్రి చెప్పేవాడు కాదు. ఆయన లేనప్పుడు ఆయన చుట్టింది మొత్తం విప్పేశాను. ఎంత తిట్టాడో."

చిట్టమ్మ మెషీను హ్యాండిల్ తిప్పడం ఆపింది. ఇన్నేళ్లూ ఆ విప్పి చూడడం ఒక్కటే తన సొంతం అనుకుంది. అది కూడా ఈవిడ తనకంటే ముందే చేసేసింది. లోపలికి వెళ్లి టీ పెట్టింది. పాలు పొంగి పొయ్యి మీద పడిపోయాయి.